మూత మీది వాసన

గల్ఫ్‌లో ఇన్నేళ్లు ఉండి ఏం వెనకేసుకున్నావని ఊళ్లో అడిగితే ఒకాయన చీటీల్లో పోయిందంటాడు, ఇంకొకాయన ఇల్లు మొదలుపెట్టి స్లాబు దగ్గర ఆపేశానంటాడు. గడ్డం సబ్బులు కొన్నానని చెప్పడానికి నాకు నోరు రాదు. కువైట్‌లోని మంగఫ్‌లో మేముండే గదిలో నా మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. అందులో ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చళ్లు లేవు, సబ్బు డబ్బాలున్నాయి. ఇలాంటి పిచ్చి ప్రతి గదిలోనూ ఒకరికి ఉంటుంది. ఒకరికి అత్తర్లు, ఒకరికి ఫోన్లు, ఒకరికి బూట్లు. నాది నన్ను ఎక్కడెక్కడ పడేసిందో చెబితే వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందేమో.

మాది రాజంపేట వైపు. అహ్మదీ చమురు క్షేత్రాల్లో ఒక కాంట్రాక్టు కంపెనీ కింద ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేస్తాను. చమురుతో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ బయటపడే పని ఇది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన తగిలినంతసేపూ ఒక రకంగా నయమే. గాలిలో అది 100 పీపీఎం స్థాయికి చేరితే ముక్కు దాన్ని పట్టడం మానేస్తుంది, ప్రాణం మీదికి వచ్చేది అప్పుడు. అందుకే చొక్కాకు గ్యాస్ అలారం, అవసరమైన చోట ముఖానికి మాస్క్. మాస్క్ రబ్బరు అంచు చర్మాన్ని పట్టుకుని ఉండాలి. మధ్యలో గరుకు గడ్డం ఉంటే ఆ సందులోంచి గాలి దూరుతుంది. అంచు తగిలే చోట వెంట్రుక ఉండకూడదన్నది చమురు పనుల్లో ఎక్కడైనా ఉండే నియమమే. కాబట్టి రోజూ గడ్డం గీసుకోవడం నా డ్యూటీలో భాగం.

వాడి పారేసే రేజర్లతో గీకి గీకి మెడంతా పొక్కులు లేచేవి. అది చూడలేక గదిలోని మలయాళీ పెద్దాయన పాత పద్ధతికి మారమన్నాడు. ఒకే బ్లేడు పట్టే ఇనప రేజరు, బ్రష్షు, గట్టి సబ్బు. మా నాన్న వసారాలో కూర్చుని గీసుకున్నదీ ఇలాంటి రేజరుతోనే. 1904లో కింగ్ క్యాంప్ జిల్లెట్ పేటెంటు పొందిన రేజరు సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది: పలచటి బ్లేడును రెండు పలకల మధ్య బిగించడం, మొద్దుబారితే బ్లేడు మాత్రం మార్చుకోవడం. బ్లేడు ఖర్చు లెక్కలోకి రాదు. కొద్ది రోజుల్లోనే మెడ మీది పొక్కులు మాడిపోయాయి. నా అవసరం అక్కడితో తీరిపోయింది.

నేను పడింది సబ్బు దగ్గర. ఒంటి సబ్బును కాస్టిక్ సోడాతో చేస్తారు, అది గట్టిగా ఉంటుంది. గడ్డం సబ్బులో కాస్టిక్ పొటాష్ కూడా పడుతుంది కాబట్టి తొందరగా కరిగి నీటిని బాగా పట్టుకుంటుంది. స్టియరిక్ ఆమ్లం ఎక్కువున్న కొవ్వు దానికి తోడైతే నురగ మీగడలా చిక్కబడి, గీత పూర్తయ్యేదాకా ఆరిపోకుండా నిలుస్తుంది. లండన్‌లో డి.ఆర్. హారిస్ వాళ్లది 1790 నాటి దుకాణం, ట్రంపర్ వాళ్లది 1875 నాటిది. అలాంటి పాతవాళ్లు ఉండగానే అమెరికాలో, ఇటలీలో, ఫ్రాన్స్‌లో ఇద్దరు ముగ్గురు మనుషులు ఒక షెడ్డులో వండి, చిన్న చిన్న వాయిలుగా అమ్మే సబ్బులు వచ్చాయి. ఒక వాయి అయిపోతే ఆ పరిమళం మళ్లీ వస్తుందో రాదో తెలీదు. నాలాంటివాడి చేత కొనిపించేది ఆ భయమే. గంధం, వట్టివేరు, ఊద్, పొగాకు అని మూత మీద రాసిన పేర్లు చదువుతూ, సబ్బు వాడడం కంటే మూత తీసి వాసన చూడడంలోనే ఎక్కువ సుఖం పొందాను.

ఈ సుఖానికి ముహూర్తం శుక్రవారం. ఆ రోజు గడ్డం మీద కత్తి పెడితే మా అవ్వ ఇంట్లోకి రానిచ్చేది కాదు. కువైట్‌లో సెలవు ఆ రోజే. జుమ్మా నమాజుకు ముందు శుభ్రంగా తయారవడం ముస్లింల ఆనవాయితీ కాబట్టి గురువారం సాయంత్రం నుంచే సెలూన్లు కిటకిటలాడతాయి. నేను బాత్రూమ్ తలుపేసుకుని గిన్నెలో నురగ తిప్పుకుంటుంటే, బయట వరసలో నిలబడ్డ గదివాళ్లు తలుపు బాదేవాళ్లు.

శుక్రవారం చాలక అది రాత్రుళ్లకు పాకింది. పొద్దున చీకటితో బస్సెక్కాలి, అప్పుడు తీరికెక్కడిది? డ్యూటీ దిగొచ్చి, స్నానానికి ముందు నింపాదిగా మూడు సార్లు గీసేవాణ్ని. ముందు వెంట్రుక వాటానికి, తర్వాత అడ్డంగా, ఆఖరికి ఎదురు గీత. చెంప మీద చెయ్యి జారిపోవాలి, అప్పటిదాకా వదిలేవాణ్ని కాదు. రోజూ ఎదురు గీత పెడితే వెంట్రుక చర్మం కిందికి తెగి, బయటికి రాలేక లోపలే వంకర తిరుగుతుంది. తెల్లారేసరికి మెడ మంట. మండే చోట మళ్లీ బ్లేడు పెట్టలేక, రాత్రి గీశాను కదా, సరిపోతుందిలే అనుకుని బస్సెక్కేసేవాణ్ని.

ఒక మధ్యాహ్నం పనికి దిగే ముందు మాస్క్ తనిఖీ చేశారు. గాలి వచ్చే దారి అరచేత్తో మూసి ఊపిరి పీలిస్తే మాస్క్ లోపలికి నొక్కుకుని అలాగే నిలవాలి. నాది నిలవలేదు. సేఫ్టీ ఆయన నా దవడ మీద వేలితో రాసి చూసి, ఏమీ అనకుండా పక్కన నిలబెట్టాడు. నా పని ఇంకొకాయన నెత్తిన పడింది, అదీ ఆ ఎండలో. గదిలో అందరికీ గడ్డం మీద పాఠాలు చెప్పేది నేను, గడ్డం ఉందని పని దగ్గర్నుంచి వెనక్కొచ్చిందీ నేనే. ఈ సబ్బులూ బ్రష్షులూ దేనికోసం మొదలయ్యాయో ఆ ఒక్క పనికే నేను పనికిరాకుండా పోయాను.

ఇక లెక్క. రోజుకు ఒక గ్రాము అరగదీసినా 100 గ్రాముల డబ్బా మూడు నెలలు దాటి వస్తుంది. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా వచ్చు, డబ్బా కొనేటప్పుడు నాకు రాలేదు. ఒక్కో దినారు మూడు డాలర్ల పైమాటే అయినా, వాటిని మన రూపాయల్లోకి మార్చి చూసుకోవడం ఈ ఒక్క ఖర్చు విషయంలో మానేశాను. "నీ సబ్బులు అయిపోవాలంటే నువ్వు రిటైరయినాక గూడ కువైట్ల ఉండాలె భాయ్" అని మా గదిలోని హైదరాబాద్ మిత్రుడు నవ్వేవాడు. ఆయనది పాతబస్తీ, డ్రైవరుగా చేస్తాడు.

ఒక వేసవిలో సెలవు మీద ఊరికి పోతూ, గదికి సున్నం వేస్తున్నారని పెట్టె బాల్కనీలో పెట్టాను. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. తిరిగొచ్చి మూత తీస్తే మెత్తని సబ్బులు కరిగి డబ్బా అంచుల్లోంచి కారి ఉన్నాయి, గట్టివి నెర్రెలిచ్చాయి. నేను డబ్బు పోసి కొన్న పరిమళాలు కలిసిపోయి నూనె ముక్కిన కంపు కొట్టాయి.

ఆ సెలవులోనే ఇంకో పరువు పోయింది. మా పిన్నమ్మ కొడుకు పెళ్లి. పెళ్లికొడుక్కి గడ్డం గీసేందుకు మా ఊరి సెలూన్ పెద్దాయన వచ్చాడు. ఆయన్ని ఆగమని, చుట్టూ బంధువులుండగా నా ఫ్రెంచి సబ్బు తీసి బ్రష్షు తిప్పడం మొదలుపెట్టాను. కువైట్‌లో అరనిమిషంలో గిన్నె నిండే నురగ అక్కడ ఎంత తిప్పినా రాలేదు. తెల్లగా, పాలు విరిగినట్టు గిన్నె అడుగున పేరుకుంది. ఎవరో నవ్వారు. పెద్దాయన గిన్నెలోకి ఒకసారి తొంగిచూసి, "బోరునీళ్లకు అంతే నాయనా. క్యాన్ నీళ్లు తెప్పించు" అన్నాడు. తాగడానికి తెచ్చిన క్యాన్‌లోంచి ఒక గ్లాసు పోసి తిప్పితే అదే సబ్బు పొంగింది.

బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు నురగ కట్టే ముందే వాటితో కలిసి కరగని మడ్డిగా మారిపోతుంది. మన వైపు గీజరు కాయిలు మీద పొర కట్టేదీ, పప్పు తొందరగా ఉడకనిదీ ఆ నీళ్ల వల్లే. కువైట్ సంగతి వేరు. నది లేని దేశం, ఒకప్పుడు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తాగునీళ్లు తెచ్చుకున్న రేవు. 1953 నుంచి సముద్రపు నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి వాడుకుంటోంది. ఇప్పటికీ కుళాయిలో వచ్చేది ముఖ్యంగా అలా తీసిన నీరే, అందులో కొద్దిగా భూగర్భజలం కలుపుతారు. మనవాళ్లు గల్ఫ్‌కు వచ్చిన గుర్తుగా ఎదురుగా నిలబడి ఫొటో దిగే కువైట్ టవర్స్ కూడా ఒక రకంగా వాటర్ ట్యాంకులే, ఆ పెద్ద గోళాల్లో నీళ్లు నిలవ ఉంచుతారు. 1979లో జనానికి తెరిచారు. నేనూ అక్కడ ఫొటో దిగాను. నా మణికట్టు నేర్పు అనుకున్నదాంట్లో సగం ఆ నీటిదని తెలియడానికి మాత్రం ఊరికి పోయి నవ్వులపాలు కావాల్సి వచ్చింది.

ఇవన్నీ నాకు జరిగినవి. ఇంకొకరి మనసుకు తగిలింది ఒకటుంది. ఆ ఏడు రంజాన్ పండక్కి హైదరాబాద్ మిత్రుడికి మంచి కానుక ఇద్దామని ఒక ఇటలీ బ్రష్షు, సబ్బు కలిపి అందంగా కట్టి ఇచ్చాను. చాలా రోజులకు చూస్తే కట్టు విప్పిన పెట్టె అల్మారా మీద అలాగే ఉంది. నచ్చలేదా అని నేనే రెట్టించి అడిగాను. ఆయన ఇబ్బందిపడుతూ, "నువ్వు మంచి మనసుతోనే ఇచ్చినవ్ భాయ్. కానీ అవి పంది ఎంటికెలు గదా" అన్నాడు.

తెలియక ఇచ్చానని చెప్పడానికి నాకు వీల్లేదు. పంది వెంట్రుకల బ్రష్షు కొత్తలో గరుకుగా ఉంటుందని, వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడుతుందని ఆయనకే ఎన్నోసార్లు వివరించాను. తెలిసిన ముక్క ఆయన చేతిలో పెట్టేటప్పుడు గుర్తుకు రాలేదు. నా దృష్టంతా బ్రష్షు ఎంత మంచిదన్న దాని మీదే ఉంది. పుచ్చుకునే మనిషి ఎవరన్నది చూడలేదు.

ఆ రాత్రి పెట్టె లాగి డబ్బాలన్నీ బోర్లించి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది మొదటిసారి చదివాను. సగానికి పైగా సోడియం టాలోయేట్, పొటాషియం టాలోయేట్. పశువుల కొవ్వు, అందులోనూ ఎక్కువగా గొడ్డు కొవ్వు. 1983లో వనస్పతిలో దిగుమతి కొవ్వు కలుస్తోందని దేశమంతా గొడవైతే ప్రభుత్వం ఆ దిగుమతిని ఆపేసిందని మా నాన్న చెప్పేవాడు. గడ్డం సబ్బుకు ఆ కొవ్వు బాగా నప్పుతుంది, పాతవాళ్లు అందుకే వాడారు. నా చర్మానికి దాంతో పేచీ లేదు, గదిలో గొడ్డు మాంసం తినే తెలుగువాళ్లూ ఉన్నారు. నాకు గుండెల్లో రాయి పడింది వేరే సంగతికి. నేను వాడేసిన ఒక డబ్బా ముచ్చటగా ఉందని, మా అమ్మ కడిగి తుడిచి, కుంకుమ పోసి దేవుడి గూట్లో పెట్టుకుంది.

తర్వాతి సెలవుకు ఇత్తడి కుంకుమ భరిణె కొనుక్కుపోయాను. పాత డబ్బా తీసేస్తుంటే అమ్మ "బాగుంది కదరా, ఎందుకు పారేయడం?" అంది. తుప్పు పడుతుందని అబద్ధం చెప్పాను. చెప్పి బాధపెట్టడం కంటే అదే నయమనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ ఆ అబద్ధం ఆడాల్సిన అవసరం తెచ్చింది నేనే.

సరదా తప్పని నేననను. పరాయి దేశంలో పది గంటల పని చేసి వచ్చినవాడికి ఏదో ఒకటి ఉండాలి. నాకు పట్టింది సబ్బు మీద జ్ఞానం. అది డబ్బా మూత మీద మొదలై అక్కడే ఆగింది. ఏ నీళ్లతో కలుస్తుందో, ఏ పని కోసం వాడుతున్నానో, ఎవరింటికి పోతుందో మూత మీద రాసి ఉండదు. ఇప్పుడు పొద్దున బస్సుకు ముందే గీసుకుంటున్నాను. వాటానికి రెండు సార్లు, మాస్క్‌కు అది చాలు, ఎదురు గీత సెలవు రోజుల్లోనే. ఒక డబ్బా అడుగు కనిపించేదాకా ఇంకోటి తెరవను. కొత్తగా ఈ దారి పట్టేవాళ్లు మొదటి డబ్బా ఖాళీ అయ్యేదాకా రెండోది కొనకపోతే మంచిది. సబ్బు సంగతీ, తమ చెయ్యి సంగతీ ఆ మూడు నెలల్లో తెలిసిపోతాయి.

తర్వాతి రంజాన్‌కు మిత్రుణ్ని ముబారకియా బజారుకు తీసుకెళ్లి, ఏది కావాలో ఆయన్నే ఎంచుకోమన్నాను. ఆయన నైలాన్ పోగుల బ్రష్షు ఒకటి, టర్కీ సబ్బు కడ్డీ ఒకటి తీసుకున్నాడు. కడ్డీ వెనక చదివితే అందులోనూ టాలోయేట్. టర్కీది, హలాలే అయ్యుంటుందని ఆయన తృప్తిపడ్డాడు. ఆయనకు సరిపోయింది మా అమ్మ గూటికి సరిపోదు, రెండూ నాకు తెలుసు. డబ్బులిచ్చాను. నాకోసం ఏమీ కొనకుండా బయటికొచ్చాను.