సేద తీరే చోటు

ఈసారి రెండు తెలుగు మాటలు మీతో పంచుకుంటాను. ఒకటి విశ్రాంతి. 'శ్రాంతి' అంటే అలసట. ఆ అలసట పోతే విశ్రాంతి. రెండోది సేద. ఎండలో నడిచి వచ్చి, నీడన కూర్చుని చెంబెడు నీళ్లు తాగితే ప్రాణం లేచి వస్తుంది కదా! దాన్నే సేద తీరడం అంటారు. తెలుగు బైబిల్లో 23వ కీర్తన చూడండి, ఈ మాట కనబడుతుంది.

మా అమ్మ మంచాన పడిన రెండేళ్లలో ఈ మాటల విలువ నాకు తెలిసింది. పగలు ఉద్యోగం. రాత్రి అమ్మ దగ్గర మేలుకోవడం. ఆదివారం వస్తే చర్చిలో పాటలు, పిల్లల తరగతి. ప్రార్థనకు మోకరిస్తే మాట వచ్చేది కాదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడేవి, అర్థం తలకెక్కేది కాదు. నా విశ్వాసమే పోతోందేమో అని భయం వేసింది.

మా చర్చిలో ఒక పెద్దావిడ ఉంది. అందరం అవ్వా అని పిలుస్తాం. నా మొహం చూసి, "ఏలీయా కథ చదువమ్మా" అంది.

ఆ కథ 1 రాజులు 19వ అధ్యాయంలో ఉంది. ఏలీయా ప్రాణభయంతో పారిపోయి, అడవిలో ఒక చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. అలాగే నిద్రపోయాడు. దేవదూత వచ్చి తట్టి లేపి, రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ లేపి తినమన్నాడు. ఆ బలంతోనే ఆయన 40 రోజులు నడిచి హోరేబు కొండకు చేరాడు.

"చూశావా, దేవుడు ముందు అన్నం పెట్టాడు. ప్రశ్నలు తర్వాత అడిగాడు" అంది అవ్వ. "ఈ ఆదివారం మీ అమ్మ దగ్గర నేను కూర్చుంటా. నువ్వు పడుకో."

ఆ రోజు నేను చర్చికి పోలేదు. సాయంత్రం దాకా నిద్రపోయాను. లేచాక, చాలా నెలల తర్వాత, నోటికి ప్రార్థన వచ్చింది. "అయ్యా, వందనం" అన్నాను. అంతే.

ఇది మన పెద్దల కథ కూడా. 1860 నుంచి 1911 దాకా మనవాళ్లు గిర్మిట్ ఒప్పందం మీద నాటాల్ వచ్చారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో ఐదేసి ఏళ్లు కట్టుబడి పనిచేశారు. 1903లో జాన్ రంగయ్య గారు నెల్లూరు నుంచి వచ్చి, ఆ ఏడాదే కియర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం మొదలుపెట్టారు. వారమంతా పరాయి భాషలో ఆజ్ఞలు విన్న చెవికి ఆదివారం తెలుగు ప్రార్థన వినబడితే ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో దేవుడు విశ్రాంతి దినం ఇచ్చినప్పుడు, దాసుడికీ దాసికీ కూడా అది ఉండాలన్నాడు. మీరూ ఐగుప్తులో దాసులే కదా, గుర్తుంచుకోండి అన్నాడు. కూలి చేసిన వంశం మనది. విశ్రాంతి సోమరితనం కాదని మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరు అలిసిపోయి ఉంటే, సిగ్గుపడకుండా ఎవరితోనైనా చెప్పండి. పెద్ద ప్రార్థన రాకపోతే చిన్నది చాలు. మీ వీధిలో రోగి దగ్గర మేలుకునేవాళ్లు ఉంటే, ఒక్క పూట వాళ్ల కుర్చీలో మీరు కూర్చోండి. వెళ్లేటప్పుడు కాస్త అన్నం కూడా పట్టుకెళ్లండి.