బ్యాకు లెక్క

కార్తీకమాసమున కారెంపూడిలో వీరుల యుత్సవములు జరుగునప్పుడు పల్నాటివారమందఱమును బాలచంద్రుని తలచుకొందుము. శత్రుసేనలోనికి చొచ్చుకొనిపోయిన వీరుడతడు. అందుచేత అతని కథ ఇంటింటను ఉన్నది. ఆ యుద్ధముననే తమవారి వెనుక నిలిచి కాపు కాచినవారును ఉండియే యుందురు. వారి పేర్లు మాత్రము నే నెన్నడును వినలేదు. కాలిబంతి యాటలోను ఇదియే న్యాయము. గోలు కొట్టినవానిని భుజములపై నెక్కించుకొని యూరేగింతురు. గోలు కాకుండ నాపినవాడు చెమట తడిసిన చొక్కాను తానే పిండుకొని యింటికి బోవును. నేను బాల్యమున ఈ రెండవ తెగలోని వాడను. ఆ సంగతిని ఇన్నేండ్లకు వ్రాయుటకు ఒక విద్యార్థి కారకుడయ్యెను.

కడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఆట ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, నన్ను బ్యాకు స్థానమునుండి తీసివేసి ముందు ఆడింపుడు. వెనుక నున్నవానికి పేరు రాదు" అని యడిగెను. అతడు 2024లో వచ్చిన "మైదాన్" అను హిందీ చలనచిత్రమును చూచియుండెను. హైదరాబాదు శిక్షకులగు సయ్యద్ అబ్దుల్ రహీంగారి జీవితమును గూర్చిన చిత్రమది. "ఆ చిత్రములోని జర్నైల్ సింగు బ్యాకే గదా! అతడు ముందునకు పోయి గోలు కొట్టలేదా?" అని ప్రశ్నించెను. ప్రశ్న సమంజసమైనదే. నాకు వెంటనే బదులు తోచక, రేపు చెప్పెదనని పంపివైచితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏలయన, అదే కోరికతో ఒకప్పుడు నేను చేసిన తప్పు జ్ఞప్తికి వచ్చినది.

నేను ఈ పాఠశాలలో చదువుకొనునాడు మా యాటస్థలము నిండ గులకరాళ్ళే. మధ్యాహ్నపు టెండకు అవి పెనముమీది గింజలవలె కాగియుండెడివి. నేను పొడవరిని, పరుగున మందుడను. కావున డ్రిల్లు మాస్టరుగారు నన్ను బ్యాకుగా నిలిపిరి. వేగము లేనివాని నుంచు స్థలమిదియని తోడివారు నవ్విరి. నేనును అట్లే తలచితిని. ఆ యేట పొరుగు తాలూకాలోని యొక పాఠశాలతో పందెమునకు పోయితిమి. సగమాట గడచునప్పటికి రెండు గోలులు పడినవి. మూడవది పడగానే నాకు రోషము వచ్చినది. నా స్థానమును విడిచి, బంతిని తీసికొని, ఎదుటివారి గోలు వఱకు పరుగెత్తితిని. బంతి పోయినది. నేను తిరిగి చూచునప్పటికి నేనుండవలసిన తావు ఖాళీగా నుండెను. ఆ దారినే నాల్గవ గోలు పడినది. బుద్ధి రాక మరల పోయితిని. ఐదవది పడినది. తుదకు ఏడు గోలులతో ఓడితిమి. తిరుగు ప్రయాణమున బస్సులో నాతో నెవ్వరును మాటాడలేదు. మా గోల్‌కీపరు మోకాళ్ళమధ్య తల పెట్టుకొని యేడ్చుచుండెను. అతడు నా ప్రాణమిత్రుడు. అతని కన్నీటికి కారణము నేను.

మఱునాటినుండి నేను ఆటకు పోవుట మానితిని. ఐదవనాటి సాయంకాలము డ్రిల్లు మాస్టరుగారు మా యింటికే వచ్చిరి. మా నాయన మంచము వాల్చి, మజ్జిగ యిప్పించెను. నేను దూలము చాటున నిలిచితిని. మాస్టరుగారు నన్ను మందలింపలేదు. మజ్జిగ త్రాగి, చెంబు క్రింద పెట్టి, "ఏడు గోలులకే ఇంటిలో దాగితివా? పది గోలులు పడినవాని కథ చెప్పెదను, ఇటు రా" అనిరి.

అది 1952 జూలై మాసమున హెల్సింకి ఒలింపిక్సులో జరిగిన పందెము. భారతజట్టు యుగోస్లావియాతో తలపడెను. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్ళతోనే ఆడిరి. ప్రతిపక్షమువారు ఆ యేడు రజతపతకము పొందిన ఘనులు. మనకు పది గోలులు పడినవి. మనవారు కొట్టినది ఒక్కటి. ఆ జట్టులోని బ్యాకులలో ఒకరు నాయకులైన శైలేన్ మన్నాగారు. మఱియొకరు హైదరాబాదువారగు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ గారు. ముందున్నవాడు గోలు కొట్టలేకపోయినచో ఆ సంగతిని లోకము మఱచును. బ్యాకు ఆపలేకపోయినది మాత్రము అంకెయై నిలిచిపోవును. 10–1 అను నంకె నేటికిని పుస్తకములలో నున్నది.

"నాలుగేండ్లు గడచినవి" అని మాస్టరుగారు చెప్పుచుండిరి. "1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సునకు పోయిన జట్టును చూచిన, అజీజుద్దీన్ అను పేరు మరల నున్నది." ఆ మాట నాకు నేటికిని చెవులలో వినబడుచున్నది. పది గోలులను మోసినవాడు ఆట మానలేదు. అదే పనికి తిరిగి వచ్చెను. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి, ఒలింపిక్సు కాలిబంతిలో సెమీఫైనలునకు చేరిన మొదటి ఆసియా జట్టు అయ్యెను. అచ్చట ఎదురైనవారు మరల ఆ యుగోస్లావియావారే. మొదటి గోలు మనవారే కొట్టిరి గాని, తుదకు 4–1 గోలులతో ఓడిరి. పిమ్మట బల్గేరియాతో నోడి నాల్గవ స్థానమున నిలిచిరి.

"నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియాపై మూడు గోలులు కొట్టెనని అందఱును చెప్పుకొందురు. చెప్పుకొనవలసినదే. కాని బ్యాకు లెక్క వేఱు. ఆతడు వేసికొను లెక్క యేమనగా, పది నాలుగైనది. గెలిచితిమా యని యడుగవలదు. పది నాలుగైనదా లేదా?" అని మాస్టరుగారు లేచి, చెప్పులు తొడుగుకొని వెడలిపోయిరి. మఱునాడు నేను ఆటస్థలమునకు పోయితిని. నా మిత్రుడు గోలులో నిలిచియుండెను. ఏమియు అనక, బంతిని నావైపు దొర్లించెను.

ఆ నాలుగేండ్లలో పది నాలుగగుటకు వెనుక నొక ఉపాధ్యాయుని శ్రమ కలదని నేను పెద్దవాడనైన పిమ్మట చదివి తెలిసికొంటిని. మెల్‌బోర్ను జట్టును తీర్చిన రహీంగారు వృత్తిచే బడిపంతులు. హైదరాబాదులోని పాఠశాలలలో బోధించినవారు. 1950 మొదలుకొని హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షణనిచ్చిరి. ఆ జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్సు కప్పును గెలిచెను. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనని బాలురకు నియమము పెట్టెడివారు. బంతిని దగ్గఱ నుంచుకొని విన్నాణము చూపక, వెంటనే తోడివాని కందింపవలెనని నేర్పెడివారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము తెచ్చి, 1963 జూన్ 11వ తేదీన క్యాన్సరు వ్యాధిచే పరమపదించిరి.

బ్యాకు స్థానముననే నిలిచి జీవితమును దిద్దుకొన్నవా రింకొకరు కలరు. 1944లో హైదరాబాదులో జన్మించిన సయ్యద్ నయీముద్దీన్ గారు 1966లో కలకత్తాకు పోయి, ఈస్టు బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగు అను మూడు పెద్ద జట్లలోను ఆడిరి. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో భారతజట్టునకు నాయకులై, జపాను నోడించి కంచుపతకము తెచ్చిరి. ఆ సంవత్సరమే అర్జున పురస్కారమును, శిక్షకులైన పిమ్మట 1990లో ద్రోణాచార్య పురస్కారమును పొందిరి. ఇవి గోలులు కొట్టి సంపాదించినవి కావు. ఆ కంచుపతకము తరువాత, 2023 వఱకు జరిగిన ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టునకు మఱియొక పతకము రాలేదు. ఇటలీ దేశమున రక్షణను ఒక విద్యగా గౌరవింతురు. 2006లో ప్రపంచకప్పు గెలిచిన ఆ దేశపు నాయకుడు ఫాబియో కన్నవారో బ్యాకు. ఆ యేటి ఉత్తమ క్రీడాకారుడను బిరుదును అతనికే యిచ్చిరి. అట్టి గౌరవము బ్యాకునకు దక్కుట అరుదు గనుకనే చెప్పుచున్నాను.

నా సంగతి యేమనగా, నేను గొప్ప ఆటగాడను కాలేదు. మఱుసటి యేడు అదే పాఠశాలతో ఆడితిమి, మరల ఓడితిమి. కాని ఈసారి పడినవి రెండే గోలులు. ఆట ముగియగానే డ్రిల్లు మాస్టరుగారు నాయొద్దకు వచ్చి, రెండు వ్రేళ్ళు చూపి, నా చేయి పట్టుకొని ఊపిరి. ఆయన నేడు లేరు. నాకు బహుమతులుగా వచ్చిన పుస్తకములు ఎక్కడనో పోయినవి గాని, ఆ రెండు వ్రేళ్ళను నేను మఱవలేదు.

మఱునాడు ఆ బాలుడు నాయొద్దకు రాగా, ఈ కథనంతయు చెప్పితిని. నా యేడు గోలుల సంగతియు దాచలేదు. "ఇక జర్నైల్ సింగు మాట. జకార్తాలో ఆతని తలకు గాయమై కుట్లు పడినవి. వెనుక ఆడుట కష్టము గనుక రహీంగారు అతనిని ముందు నిలిపిరి. ఆతడు సెమీఫైనలులోను, ఫైనలులోను గోలులు కొట్టెను. నిజమే. కాని ఆతడు వెనుక తావును ఖాళీ చేసి పోలేదు. మఱియొకరిని అచ్చట నుంచి, గురువు పంపగా పోయెను. నేను నా యంతట నేను పోయితిని. మా యిద్దఱికిని భేదమదియే" అంటిని.

బాలుడు కొంతసే పాలోచించి, "మీరు పంపినప్పుడు నేను పోవచ్చునా?" అని యడిగెను.

"పంపినప్పుడు తప్పక పొమ్ము" అంటిని.

అతడు పరుగున పోయి, గోలు ముందు తన తావున నిలిచి, మడమతో నేలపై నొక గీత గీసికొనెను. విద్యార్థి సోదరులారా, ఈ సంవత్సరపు పందెములలో మన జట్టు గోలు కొట్టినప్పుడు తప్పక కేకలు వేయుడు. వేసిన పిమ్మట, ఒక్కసారి వెనుకకు తిరిగి ఆ గీతయొద్ద నున్నవానినిగూడ చూడుడు.