రాతి మీద మిగిలిన పేరు

బందరు అనగానే లడ్డూ, హల్వా గుర్తొస్తాయి. గుడివాడ నుంచో, దివిసీమ నుంచో పనిమీద వచ్చినవాళ్ళు ఓ పొట్లం కట్టించుకుని తిరుగు బస్సెక్కేస్తారు. ఓ గంట తీరిక ఉంటే సెయింట్ మేరీస్ చర్చి దాకా వెళ్ళి చూడొచ్చు. రెండు వందల ఏళ్ళనాటి ఓ అమ్మాయి సమాధి అక్కడుంది. ఆమె పేరు ఆరాబెల్లా.

కుంపిణీ సైన్యం బందరు కోటలో ఉన్న రోజులవి. ఆరాబెల్లా రాబిన్సన్ 1809లో కన్నుమూసింది. ఆమెను మనసారా ప్రేమించిన మేజర్ జనరల్ జాన్ పేటర్ ఆ సమాధి కోసమే చర్చి కట్టించాడని బందరు చెప్పుకుంటుంది. శ్మశానంలో చోటివ్వడానికి పాదిరీలు ఎందుకు ఒప్పుకోలేదన్న దగ్గర మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

ఆ పేరు కథ ఇంకా పాతది. 12వ శతాబ్దం నాటికే స్కాట్లాండులో ఉంది. లాటిన్‌లో మొర ఆలకించేదని అర్థమొచ్చే 'ఒరాబిలిస్' దీనికి మూలమని కొందరంటారు. ప్రేమించదగినదనే 'అమాబిలిస్' నుంచి వచ్చిన అన్నాబెల్ పేరే ఇలా మారిందని మరికొందరు. ఇంగ్లిష్ కవి అలెగ్జాండర్ పోప్ 1712లో ఓ జుట్టు పాయ తగాదా మీద కావ్యం రాశాడు. ఆ తగాదాలోని అసలు అమ్మాయి కూడా ఆరాబెల్లాయే. తర్వాత ఆ పేరు మోజు తగ్గింది. అమెరికాలో దశాబ్దాల పాటు మొదటి వెయ్యి పేర్లలో కనిపించలేదు. 2005లో తిరిగొచ్చి, ఆపైన ఇంకా పైకెక్కింది.

బందరు ఉయ్యాలల్లోకి మాత్రం వేరే లాటిన్ పేరు వచ్చింది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మిషనరీలుగా ఇక్కడికి చేరారు. 1843లో నోబుల్ బడి పెట్టారు. అదే నేటి నోబుల్ కాలేజీ. క్రైస్తవులైన కుటుంబాలు పిల్లల పేర్ల కోసం తెలుగు బైబిలు తెరిచాయి. అందులో ఆరాబెల్లా లేదు, పౌలు ఉన్నాడు. లాటిన్‌లో 'పౌలుస్' అంటే చిన్నవాడు. ఇంగ్లిషు చదువులతో ఆ పౌలే పాల్ అయ్యాడు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. 30 వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమదీ అదే గతి. పోయినవాళ్ళలో ఎందరికి రాయి మీద పేరుంది? అయితే తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టుకోవడం మనవాళ్ళ ఆనవాయితీ. ఉప్పెన తీసుకెళ్ళిన పేరును కూడా ఏ అమ్మో గుమ్మంలో నిలబడి అన్నానికి రమ్మని కేక వేస్తుంటుంది. ఆరాబెల్లాకు అలా పిలిచేవాళ్ళు ఇక్కడ లేకపోయారు. అందుకే బందరులో ఆ పేరు వినాలంటే చర్చి దాకా వెళ్ళాలి.