ఒక అక్షరపు సాయము

దినపత్రిక చేతికి వచ్చిన వెంటనే అందరి చూపులును ఒకే పుటమీద నిలువవు. కొందరు రాజకీయ వార్తలను, కొందరు ఆటల ఫలితములను, కొందరు బజారు ధరలను వెదకుదురు. మరికొందరు మాత్రము పత్రికను నాలుగు మడతలు పెట్టి, నలుపు తెలుపు గళ్ళున్న చిన్న చతురస్రమును పైకి తెచ్చుకొని, పెన్సిలు మొనను సరిచూచుకొందురు. లోకములో ఏమి జరిగినదో వారికి కొంత తరువాత తెలిసినను చాలును. ముందుగా ‘అడ్డము 1’ తేలవలెను.

ఈ గళ్ళనుడికట్టు పుట్టి నూరేండ్లు దాటినది. ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున జన్మించి అమెరికాకు వలసపోయిన ఆర్థర్ విన్ అను పత్రికారచయిత, 1913 డిసెంబరు 21వ తేదీన ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో మొదటిదానిని ప్రకటించెను. అది వజ్రపు ఆకారములో నుండెను. 1924లో నుడికట్టుల మొదటి పుస్తకము వెలువడినప్పుడు ప్రకాశకులు దానికొక పెన్సిలును జతచేసి అమ్మిరి. లండను ‘టైమ్స్’ 1930 ఫిబ్రవరి 1న ఈ వేడుకను ప్రారంభించెను. ఆ పని అప్పగింపబడిన ఏడ్రియన్ బెల్ అను రచయితకు అంతకుముందు నుడికట్టును కూర్చిన అనుభవమే లేదు. పూరించువారి అవస్థ అందరికిని తెలియును గాని, కూర్పరి అవస్థను తలచువారు అరుదు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు సైతము ఈ పనికి పూనుకొనిరి. మాటలతో ఆడుకొనుట కవులకు క్రొత్త కాదు గదా!

ఇంగ్లీషు నుడికట్టులో గడికొక వర్ణము. ఆ భాషకున్న వర్ణములు 26 మాత్రమే. తెలుగులో గడికొక అక్షరము. అనగా గుణింతముతోను, ఒత్తుతోను కూడిన నిండు అక్షరము. ‘స్త్రీ’ అను మాటకు ఒక్క గడి చాలును. ‘కమలము’ నాలుగు గడులు కోరును. ‘కమలం’ మూడింటితో తృప్తిపడును. గ్రాంథికమునకును వ్యావహారికమునకును జరిగిన పెద్ద తగవు ఇక్కడ ఒక గడి భేదముగా మిగిలినది.

ఇక ఆధారముల సంగతి. పర్యాయపదము నడిగెడి ఆధారము తిన్నని బాట వంటిది. నిజమైన చిక్కు తెచ్చునవి మరొక విధమైనవి. ‘ఇటు చదివినను అటు చదివినను తెనాలివాడే (5)’ అని యున్నచో, ‘వికటకవి’ తట్టుటకు ఎంతోసేపు పట్టదు. ‘తల తెగిన కోతి మనిషియాయెను (3)’ అన్నచో కొంత ఆగవలెను. కోతి అనగా వానరుడు. తలయనగా మొదటి అక్షరము. ‘వా’ పోగా మిగిలినవాడు ‘నరుడు’. తెలిసిన తరువాత ఇంతేనా యనిపించును. తెలియకమునుపు ఆ మూడు గడులు మూడు గోడల వలె నిలుచును.

అట్టి గోడ యెదుట నిలిచినవాడు సాయము కొరకు నలుదెసల చూచుట సహజము. అతడు మొదట ఆశ్రయించునది నిఘంటువు. 1920ల దశకములో నుడికట్టు వ్యామోహము ప్రబలినప్పుడు, పూరకులు నిఘంటువులమీద గుంపులుగా పడుటచే చదువరులకును విద్యార్థులకును అవి దొరకుట లేదని న్యూయార్కు ప్రజాగ్రంథాలయము వాపోయెను. కాని నిఘంటువు చేయు సాయమునకు ఒక హద్దున్నది. అది మాట తెలిసినవానికి అర్థము చెప్పును. అర్థము మాత్రమే తెలిసినవానికి మాట నందించుట దాని పని కాదు. పైగా అది మొదటి అక్షరమును బట్టి కూర్చబడినది. చేతనున్నది చివరి అక్షరమైనచో, ‘శబ్దరత్నాకరము’ వంటి మహాగ్రంథము కూడ నోరు విప్పదు. ఇప్పుడు చేతిలోని ఫోనును అడిగినచో చాల మాటలు క్షణములో వచ్చి నిలుచును. అడిగినవానికి గడి నిండును. ఆలోచన మాత్రము మొదలిడిన చోటనే ఆగిపోవును.

చిత్రమేమనగా, నుడికట్టులోనే ఒక సాయము పొదుగబడి యున్నది. నిలువుగా పూరించిన ప్రతి మాటయు, తన్ను దాటిపోవు అడ్డపు మాటకు ఒక అక్షరమును దానము చేయును. అవధానసభలు చూచినవారికి ‘న్యస్తాక్షరి’ గుర్తుండును. ఫలానా పాదములో ఫలానా స్థానమున ఫలానా అక్షరము రావలెనని పృచ్ఛకుడు నియమము పెట్టును. చూచువారికది సంకెలవలె కనబడును. నుడికట్టు ముందు కూర్చున్నవానికి మాత్రము అట్టి నియమమే ఊతకఱ్ఱ. వట్టి గడులు మూడున్నప్పుడు భాషలోని మూడక్షరముల మాటలన్నియు గుమికూడును. ఒక గడిలో ‘న’ పడినచో వానిలో చాలభాగము తమంతట తామే వెడలిపోవును. ఈ సాయము జవాబు చెప్పదు. వెదకవలసిన చోటును కుదించి, వెదకుటను మనకే విడిచిపెట్టును.

ఎవరి తోడును లేక, గడియారముతో పందెము వేసి పూరించుటయే గొప్ప యని తలచువారును గలరు. 1942 జనవరిలో లండను ‘డైలీ టెలిగ్రాఫ్’ కార్యాలయమున అట్టి పోటీ యొకటి జరిగెను. నుడికట్టును 12 నిమిషములలోపల పూరింపవలెనని నియమము. అందరికంటె ముందుగా ముగించినవాడు ఒక పదమును తప్పుగా వ్రాసియుండుటచే బహుమతికి దూరమయ్యెను. తరువాత కొన్ని వారములకు, పాల్గొన్నవారిలో కొందరికి యుద్ధశాఖనుండి కబురు వచ్చెను. వారు చేరిన చోటు బ్లెచ్‌లీ పార్కు. జర్మనుల రహస్యసందేశములను విప్పెడి కేంద్రము. ఒంటరిగా నెగ్గినవారికి అచ్చట ఒంటరిగా చేయదగిన పని లేదు. సందేశములో ‘వాతావరణము’ వంటి మాట ఉండవచ్చునని ఒకరు ఊహింతురు. ఆ ఊహను మరియొకరు యంత్రముపై పరీక్షింతురు. శత్రువుల ఎనిగ్మా యంత్రము ఏ వర్ణమును తిరిగి అదే వర్ణముగా మార్చజాలదు. ఆ యొక్క లోపమే వారికి దాటుగడి వలె తోడ్పడి, ఊహలలో నిలువనివానిని ఏరివేయుచుండెను.

యుద్ధము వంటి మహావిషయములలోనే గాక, మామూలు ఇంటి వరండాలో సైతము ఈ సాయము ఒక చిక్కు తెచ్చి పెట్టగలదు. ముప్పదియేండ్లు తెలుగు బోధించి విరమించిన ఒక ఉపాధ్యాయునికి ప్రతి ఉదయమును నుడికట్టు పూరించుట అలవాటు. ఒక యేడు ఆయనకు పక్షవాతపు తాకిడి కలిగెను. నడక కొద్దినెలలలో కుదుటపడెను. మాటలు మాత్రము పిలిచిన వెంటనే వచ్చుట మానెను. గ్లాసును చూపి ‘అది, అది’ అనుచు నిలిచిపోయెడివారు. అప్పటినుండి ఆ గళ్ళు ఆయనకు కాలక్షేపము కావు. మాటలలో ఎన్ని తిరిగి వచ్చినవో, ఎన్ని ఇంకను రావలెనో ప్రతిదినము లెక్క చూచుకొనెడి పద్దు అవి.

కుమారునికి తండ్రి యెడ భక్తి మెండు. ఆయన ఒకే గడి యెదుట గంటసేపు కూర్చుండుట చూడలేక, ఒకనాడు ఫోనులో వెదకి మిగిలిన జవాబులన్నియు చక్కని దస్తూరితో నింపి, “ఇదిగో నాన్నగారూ, అయిపోయినది” అని పత్రిక నందించెను. ఆయన దానిని ఒకసారి చూచి, మడచి, బల్లమీద పెట్టిరి. ఏమియు అనలేదు. తరువాత నాలుగు దినములు పెన్సిలు ముట్టలేదు. కుమారుడు చేసినది ప్రేమతోనే యనుటకు సందేహము లేదు. ఐనను తండ్రికి అందులో వినబడినది వేరొక మాట.

అయిదవనాడు, బడికి సెలవగుటచే, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు ఆయన ప్రక్కన చేరి తానే కొన్ని గడులు నింపసాగెను. కోతి తల తెగి నరుడైన ఆధారము ఆ దినము నిలువులో వచ్చినది. ఆమె దానిని సాధించుటతో, అడ్డపు మాటయొకదాని చివర ‘న’ పడెను. ఆ మాటకు ఆధారము: ‘పంచమి – తప్పుగా అచ్చయిన నవల (3)’. తాతగారు ఉండబట్టలేక పత్రికను తనవైపు త్రిప్పుకొనిరి.

ఆయన మొదట పండుగల వెంట పోయిరి. నాగపంచమి, వసంతపంచమి. ఏదియు ‘న’తో ముగియదు. పిమ్మట నవలల వెంట పోయిరి. ‘రాజశేఖర చరిత్రము’ నుండి ఒక్కొక్క పేరే తలచుకొనిరి. మూడు గడులలో ఏదియు ఇముడలేదు. నుదుట చెమట పట్టెను. మనుమరాలికి ఆ వారమే బడిలో విభక్తుల పాఠము జరిగినది. ఆమెకు జవాబు తెలిసిపోయెను. పెదవి దాక వచ్చినదానిని ఆమె మ్రింగుకొనెను.

కొంతసేపటికి ఆమె తన వ్యాకరణ పుస్తకము తెచ్చుకొని, కొంచెము దూరముగా కూర్చుండి, వల్లె వేయసాగెను. “డు, ము, వు, లు ప్రథమా విభక్తి. నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి. కొఱకున్, కై చతుర్థీ విభక్తి.” అంతటితో ఆగెను. పుట త్రిప్పినట్లు నటించెను.

ముప్పదియేండ్లు తరగతిలో నిలిచిన చెవికి, సగములో తెగిన పాఠమును సహించుట కష్టము. “ఆగితివేమి? తరువాతది చెప్పుము” అని ఆయన గద్దించిరి. ఆమె తల వంచుకొనెను. “వలనన్, కంటెన్, పట్టి…” అని ఆయనయే అందుకొని, హఠాత్తుగా నిలిచిపోయిరి. చూపు గళ్ళమీదికి పోయెను. నవలలోని అక్షరములు మూడును అటునిటు జరిగి తమ చోట కుదురుకొనెను. ఆయన వణకుచున్న చేతితో ‘వ’ వ్రాసి, ‘ల’ వ్రాసి, ముందే యున్న ‘న’ను పెన్సిలుతో ఒకసారి తట్టిరి.

“నీకు ఇది ముందే తెలియునా?” అని అడిగిరి.

“అడ్డము 14 మాత్రము తెలియలేదు తాతయ్యా. రెండే గడులు. మొదటిది ‘స్త్రీ’ అని వచ్చినది. తప్పేమో చూడండి.”

ఆయన కళ్ళద్దములు తుడిచి పెట్టుకొని, ఆ ఆధారమును రెండుమారులు చదివిరి. జవాబు తట్టినట్లు ఆయన ముఖమే చెప్పుచుండెను. “‘స్త్రీ’ తప్పు కాదు. ఈ గడిలో రావలసిన అక్షరము నీ పేరులో లేదు, నా పేరులో ఉన్నది. ఆలోచింపుము” అని పత్రికను ఆమెవైపు జరిపిరి.