పంటిపోటును, గుండెపోటును



నిరుడు కార్తికమాసమున నొకనాటి వేకువను మా అత్తగారు దవడ పట్టుకొని కూర్చుండిరి. ఆమె చిగుళ్లనుండి నెత్తురు వచ్చుట మే మెఱిగినదే. పండ్ల డాక్టరుకు చూపింతమన్నప్పుడెల్ల, పండుగ వెళ్లనిమ్మనియు, మనుమరాలి పరీక్షలు కానిమ్మనియు వాయిదా వేయుచు వచ్చిరి. "పంటిపోటేనమ్మాయీ, లవంగము పెట్టిన తగ్గును" అని యామె యనగా మేమును నమ్మితిమి. లవంగనూనె పెట్టితిమి, ఉప్పునీట పుక్కిలింపజేసితిమి. ఇట్లు రెండుగంటలు గడచినవి. ఒడలెల్ల చెమటపట్టి, ఊపిరియాడక యామె గోడకు జేరగిలబడినప్పుడు గాని మాకు కనువిప్పు కలుగలేదు. ఆసుపత్రిలో పరీక్షించి, ఇది పన్ను కాదు, గుండె యనిరి. పూడిన రక్తనాళమును తెరచి స్టెంటు అమర్చిరి. ఆమె బ్రతికిరి. కాని యా రెండుగంటలు మమ్ము నేటికిని బాధించుచునే యున్నవి.

పరామర్శకు వచ్చిన బంధువొకామె, "చిగుళ్ల క్రిములే రక్తములో జొరబడి గుండెను చెఱచినవి. ముందే క్రిములమందు మ్రింగించియుండిన నింత జరుగకపోవును" అనినది. ఆ మాట మా గుండెలో ముల్లయినది. డాక్టరుగారి నడిగితిమి, దొరకినంతవఱకు చదివితిమి.

ఈ సందేహము పాతదే. 1988లో ఫిన్లాండు వైద్యులు హృద్రోగుల రక్తమును పరీక్షింపగా, ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చు క్లమీడియా న్యుమోనియే యను క్రిమి సోకిన గుర్తులు ఇతరులలోకంటె హెచ్చుగ గానవచ్చినవి. మరుసటియేడు ఆ దేశమువారే, గుండెపోటు వచ్చినవారి పండ్లు తక్కినవారి పండ్లకంటె చెడియుండెనని ప్రకటించిరి. తరువాత, నాళముల గోడలలో పేరుకొన్న క్రొవ్వులో చిగుళ్ల క్రిముల జాడలు సైతము దొరకినవి. క్రిములతో శరీరము పోరునపుడు పుట్టు వాపు ఆ క్రొవ్వుగడ్డను బలహీనపఱచి పగులజేయవచ్చుననియు, పగులుమీద నెత్తురు గడ్డకట్టి దారి మూయుననియు శాస్త్రజ్ఞుల యూహ.

అట్లయిన క్రిములను చంపిన గుండెకు మేలు కలుగవలెను గదా! అమెరికాలో సుమారు 4,000 మంది హృద్రోగులను రెండు జట్లుగ చేసి, ఒక జట్టుకు వారమున కొకమారు చొప్పున ఏడాదిపాటు అజిత్రోమైసిన్ ఇచ్చిరి. రెండవ జట్టుకు మందులేని ఉత్తమాత్ర నిచ్చిరి. 2005లో ఫలితము వెలువడినది: గుండెపోట్లలో నీ రెండు జట్లకును చెప్పదగిన భేదము లేదు.

"క్రిమి యక్కడ నుండుట నిజమేనమ్మా, కాని దొంగతనము జరిగిన యింట కనబడినవాడెల్ల దొంగ కాడు" అని డాక్టరుగారు చెప్పిరి. పొగత్రాగుటయు, చక్కెరవ్యాధియు చిగుళ్లను చెఱచును, నాళములను చెఱచును. కావున రెండును ఒక్కచోట కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమనరాదు. మా అత్తగారికి చక్కెరవ్యాధి కలదని ఆసుపత్రిలోనే మొదట తెలిసినది.

కావున సోదరీమణులకు మా మనవి యిది. చిగుళ్ల నెత్తురును ఉపేక్షింపకుడు, దినమునకు రెండుమారులు పండ్లు తోముకొనుడు, డాక్టరుకు చూపించుకొనుడు. పన్ను నిలుచుటయే చాలినంత ఫలము. అంతేకాని గుండెకు మంచిదని యెవరో చెప్పగా క్రిములమందు కొని మ్రింగకుడు. రక్తపుపోటునకు, చక్కెరకు, కొలెస్ట్రాలునకు డాక్టరు వ్రాసిన మందులను మానకుడు. గుండెపోటు ఱొమ్మున మాత్రమే కనబడునని తలపకుడు. ముఖ్యముగ స్త్రీలకు దవడలోను, మెడలోను, వీపునను నొప్పిగా రావచ్చును. దానితో చెమటగాని, ఆయాసముగాని, వాంతిగాని కలిగిన తక్షణమే 108కి ఫోను చేయుడు.

మా అత్తగారిప్పుడు రాత్రి పండ్లు తోముకొనక పరుండరు. లవంగముల డబ్బీ మా వంటయింట నిప్పటికిని గలదు, అది కూరలలోనికే.