సంతకాల సందు

మీలో చాలామందికి లండన్‌లో ఎవరో ఒక బంధువు ఉంటారు. డర్బన్ నుంచి వెళ్ళి అక్కడ బడిలోనో ఆసుపత్రిలోనో పనిచేస్తున్న అక్కో, బావగారో, తమ్ముడి కూతురో. ఈసారి వాళ్ళను చూడడానికి వెళ్ళినప్పుడు రాజుగారి భవనం, పెద్ద గడియారం చూసిన తర్వాత ఒక పూట మిగుల్చుకోండి. లెస్టర్ స్క్వేర్ స్టేషన్‌లో దిగండి. చేరింగ్ క్రాస్ రోడ్డు మీద దక్షిణం వైపు కొంచెం దూరం నడవండి. ఎడమ చేతి వైపు ఒక చిన్న సందు కనిపిస్తుంది. దాని పేరు సెసిల్ కోర్ట్.

ఈ సందులో కార్లు తిరగవు. ఒక చివర చేరింగ్ క్రాస్ రోడ్డు, ఇంకో చివర సెయింట్ మార్టిన్స్ లేన్. రెండు వైపులా పాత పుస్తకాలు, పాత దేశపటాలు, పాత బొమ్మలు అమ్మే దుకాణాలు. భవనాలు 1890లలో కట్టినవి. వాట్కిన్స్ అనే దుకాణం 1901 నుంచి ఈ సందులోనే ఉంది. మన వేదాంతం, యోగం పుస్తకాలు కావాలంటే అక్కడ దొరుకుతాయి. కానీ నేను మిమ్మల్ని ఇక్కడికి రమ్మంటున్నది వేదాంతం కోసం కాదు, గూఢచారి నవలల కోసం.

గూఢచారి అనే మాటను విడదీసి చూడండి. గూఢ అంటే దాగిన. చారి అంటే తిరిగేవాడు. దాగి తిరిగేవాడు గూఢచారి. అచ్చ తెలుగులో వేగులవాడు అంటారు. ఈ సందుకు, వేగులవాళ్ళకు పాత సంబంధమే ఉంది. 17వ శతాబ్దం మొదట్లో ఈ చుట్టుపక్కల భూమి రాబర్ట్ సెసిల్ అనే మంత్రి చేతికి వచ్చింది. ఎలిజబెత్ రాణికి, ఆమె తర్వాత జేమ్స్ రాజుకు గూఢచారులను నడిపినవాడు ఆయనే. ఆ ఇంటి పేరే ఈ సందుకు ఉంది.

ఇక్కడ పుస్తకం కొనేవారు కథ కోసమే కొనరు. కథ కావాలంటే ఏ రైలు స్టేషన్‌లోనైనా కొన్ని పౌండ్లకు దొరుకుతుంది. వీరికి కావలసింది మొదటి ముద్రణ. అంటే ఆ పుస్తకం లోకంలోకి వచ్చినప్పుడు మొట్టమొదట అచ్చయిన ప్రతి. దాని మీద రచయిత సంతకం కూడా ఉంటే ఇంకా మంచిది. 1999లో మొదలైన గోల్డ్స్‌బొరో బుక్స్ అనే దుకాణం ఈ సందులో ఉంది. రచయిత సంతకం చేసిన మొదటి ముద్రణలు అమ్మడమే దాని ప్రత్యేకత.

మొదటి ముద్రణను మీరే గుర్తుపట్టవచ్చు. పుస్తకం పేరు ఉన్న పేజీని తిప్పండి. వెనక చిన్న అక్షరాల్లో ప్రచురణ వివరాలు ఉంటాయి. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో సాధారణంగా మొదట ప్రచురించిన సంవత్సరం ఒక్కటే ఉండాలి. దాని కింద రెండో ముద్రణ, మూడో ముద్రణ అని ఉంటే అది మనకు కావలసిన ప్రతి కాదు. కొత్త పుస్తకాల్లో ఒక అంకెల వరుస ఉంటుంది. ఆ వరుసలో 1 ఉంటే సాధారణంగా మొదటి ముద్రణ. 1 పోయి 2 మిగిలితే రెండో ముద్రణ.

తర్వాత జాకెట్ చూడండి. గట్టి అట్ట మీద వేసే కాగితపు తొడుగే జాకెట్. అది లేకపోతే వెల చాలా పడిపోతుంది. జాకెట్ లోపలి మడత మీద ధర అచ్చువేసి ఉంటుంది. పుస్తకం బహుమతిగా ఇచ్చేవారు ధర కనబడకుండా ఆ మూలను కత్తిరించేవారు. ఆ చిన్న ముక్క పోయినా వెల తగ్గుతుంది.

ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన మొదటి జేమ్స్ బాండ్ నవల 'కాసినో రాయల్' సంగతి చెబుతాను. అది 1953 ఏప్రిల్ 13న వచ్చింది. మొదటి ముద్రణ 4,728 ప్రతులు. వాటిలో చాలా ప్రతులు లైబ్రరీలకు వెళ్ళాయి. లైబ్రరీ పుస్తకం పదిమంది చేతుల్లో నలుగుతుంది, ముద్రలు పడతాయి. అందుకే శుభ్రంగా ఉన్న ప్రతి దొరకడం కష్టం. ఫ్లెమింగ్ 1964లో 56 ఏళ్ళకే పోయాడు కనుక ఆయన సంతకాలు ఇక పెరగవు. ఇలాంటి పుస్తకాన్ని నేనూ మీరూ అద్దాల బీరువాలో చూడవలసిందే. బడి పంతులు జీతం, అదీ రాండ్లలో, అక్కడిదాకా రాదు. ఇప్పుడు రాస్తున్నవారి పుస్తకాల సంగతి వేరు. మిక్ హెరన్ వంటి రచయితల కొత్త నవల వచ్చినప్పుడు కనిపెట్టుకుని ఉంటే, సంతకం ఉన్న ప్రతి మామూలు ధరకో కాస్త ఎక్కువకో దొరకవచ్చు.

ఇప్పుడు సందులోంచి బయటికి వచ్చి, చేరింగ్ క్రాస్ రోడ్డు మీద ఉత్తరం వైపు కొన్ని నిమిషాలు నడవండి. కేంబ్రిడ్జ్ సర్కస్ వస్తుంది. అక్కడ ఏనుగులు, కోతులు ఉండవు. రోడ్లు కలిసే కూడలిని ఆ ఊళ్ళో సర్కస్ అంటారు. జాన్ లె కారే నవలల్లో బ్రిటిష్ గూఢచారుల ఆఫీసు ఈ కూడలిలోనే ఉంటుంది. అందుకే కథలో అందరూ దాన్ని సర్కస్ అనే పిలుస్తారు. నిలబడి పైకి చూడండి. మామూలు భవనాలు, కింద దుకాణాలు, బస్సులు. రహస్యాలకు ఇలాంటి చోటే సరిపోతుందని మీకే అనిపిస్తుంది.

లె కారే సంతకం గురించి ఒక మాట. 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' 1963లో వచ్చినప్పుడు ఆయన నిజంగానే బ్రిటిష్ గూఢచార శాఖలో పనిచేస్తున్నాడు. అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. ఉద్యోగంలో ఉన్నవాడు సొంత పేరుతో నవలలు అచ్చువేయకూడదు. కనుక జాన్ లె కారే అనే మనిషిని కల్పించాడు. ఆ పేరు ఎక్కడ దొరికిందని అడిగితే ఆయన చెప్పిన జవాబును కూడా నమ్మడానికి లేదు. 2020 డిసెంబరులో పోయేదాకా పుస్తకాల మీద ఆ పేరుతోనే సంతకం చేశాడు. కొనేవారు అంత డబ్బు పోసి కొనుక్కునేది ఒక లేని మనిషి సంతకం. అయినా అది నిజమైన సంతకమే. ఎందుకంటే ఆ చెయ్యి ఆ కాగితాన్ని తాకింది.

మనవాళ్ళ విషయం దీనికి సరిగ్గా తలకిందులు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్‌లో ఆగింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది గిరిమిట్ మీద నాటాల్ వచ్చారు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు వేశారు. ఓడ పట్టికల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చో మచ్చో రాశారు. మనుషులు నిజం, ఊళ్ళు నిజం. కానీ రాసింది గుమాస్తా, అతని చెవికి వినిపించినట్టు. నాయుడు చివర ఇంగ్లీషులో రెండు 'ఓ'లు చేరి ఈ రోజుకీ మన గుమ్మాల మీద ఉన్నాయి. ఎంత వెతికినా ఆ పట్టికల్లో మన ముత్తాతల చేతిరాత కనబడదు.

చదువు వచ్చినవారికీ తిప్పలు తప్పలేదు. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులు వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేసుకోవాలంది. సంతకం చేయగలవాడు కూడా వేళ్ళకు సిరా పూసుకోవాలి. ఆ ఏడాది సెప్టెంబరు 11న జొహనెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో గాంధీగారూ, సభకు వచ్చినవారూ ఆ చట్టానికి లొంగమని ప్రమాణం చేశారు. సంతకం అంటే చిన్న విషయం కాదని మన పెద్దలకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

మళ్ళీ పుస్తకాలకు వద్దాం. గ్రాహం గ్రీన్ 1978లో రాసిన 'ది హ్యూమన్ ఫ్యాక్టర్' మన దేశం పేరు వచ్చే గూఢచారి నవల. అందులో కాజిల్ అనే బ్రిటిష్ గూఢచారి దక్షిణాఫ్రికాలో సారా అనే నల్లజాతి స్త్రీని ప్రేమిస్తాడు. అప్పటి మన చట్టానికి ఆ ప్రేమ నేరం. ఆమె దేశం దాటవలసి వస్తుంది. లండన్ వచ్చాక కాజిల్ ఒక దుకాణంలో ఒకే పుస్తకాన్ని రెండేసి ప్రతులు కొంటూ ఉంటాడు. ఒకటి తనకు. రెండోది ఎవరికో, ఎందుకో చదివి తెలుసుకోండి.

సంతకం లేకపోతే ఈ నవల మొదటి ముద్రణ పెద్ద ఖరీదు కాదు. నేను కొన్నది అలాంటి ప్రతే. బేరం చేస్తుంటే దుకాణదారు మొదటి తెల్ల పేజీ చూపించాడు. పెన్సిల్‌తో రాసిన ధర పక్కన, ఇంతకుముందు దాన్ని చదివిన ఎవరో సిరాతో తన పేరు, తేదీ రాసుకున్నారు. ఈ పేరు ఉంది కనుకనే ధర తగ్గించానని ఆయన అన్నాడు. అది ఆ వ్యాపారంలో అందరూ ఒప్పుకునే లెక్క. ఆ పేజీలో రాసినవాడి పేరు ఉంటే వెల పెరుగుతుంది. ఊరూ పేరూ తెలియని చదివినవాడి పేరు ఉంటే వెల తగ్గుతుంది.

దుకాణానికి ఆ లెక్క సరే. మన ఇంటికి అది పనికిరాదు. మీ నాయనమ్మ రామాయణం మీద, తాతగారి భజన పుస్తకం మీద, చివరికి అమ్మ వంటల నోటు పుస్తకం మీద వాళ్ళ చేత్తో రాసిన పేరు ఉంటే, అది గుమాస్తా రాసింది కాదు. ఓడ పట్టికల్లో మీవాళ్ళ నంబరు వెతకడానికి వెస్ట్‌విల్‌లోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ కేంద్రం ఉంది. అక్కడ దొరకని చేతిరాత మీ బీరువాలోనే ఉండవచ్చు. పాత పుస్తకాలు పారవేసే ముందు మొదటి పేజీ తిప్పి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళకు ఇష్టమైన పుస్తకం ఇచ్చి, పేరు, ఊరు, తేదీ రాయమని అడగండి. తెలుగు అక్షరాలు వస్తే తెలుగులోనే.

సెసిల్ కోర్ట్‌కు మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఎండ బాగా ఉన్న రోజు కొన్ని దుకాణాల ముందు చవక పుస్తకాల పెట్టెలు పెడతారు. ముందు వాటిలో వెతకండి. ఎవరి పేరైనా రాసి ఉన్న ప్రతి దొరికితే, దాన్ని లోపమని పక్కన పెట్టకండి.