రెండు పేర్ల యూరు

మన తెలుగువారి యింటిపేర్లలో పెక్కులు ఊళ్ల పేర్లే. కందుకూరివారు, తెనాలివారు, గుంటూరివారు, నెల్లూరివారు అని మనము నిత్యము వినుచునే యున్నాము. ఏ కాలముననో ఒక కుటుంబము ఆ యూరు విడిచి వేఱొకచోట కాపురము పెట్టగా, అచటివారు వారి నా యూరి పేరున పిలిచిరి. ఊరు దూరమైనను పేరు తరతరములు వెంట వచ్చెను. ఇంగ్లండునుండి అమెరికాకు వలసపోయినవారు మాత్రము తమ యూరి పేరును ఇంటికి గాక నేలకే పెట్టిరి. గత శరత్కాలమున బోస్టను నగర సమీపమున నున్న మా తమ్ముని యింటికి పోయి, అట్టి యూళ్లను కొన్నిటిని చూచి వచ్చితిమి.

మా తమ్ముడు క్రొత్తగా నిల్లు కొనెను. "అక్కా, మన యూరి పేరు చెక్కించిన పలక యొకటి తెచ్చిపెట్టుము, వాకిట తగిలించెదను" అని ముందుగనే కోరియుండెను. దానిని చీరల నడుమ నుంచి భద్రముగ కొనిపోయితిమి. పెట్టె విప్పునప్పుడు ఎనిమిదేండ్ల మేనకోడలు దానిని చూచి, "అత్తయ్యా, ఇది అక్కడి యూరి పేరు కదా, ఇక్కడ నెందుకు?" అని యడిగెను. మా వారు బడిపంతులగుటచే నట్టి ప్రశ్న దొరకినచో విడువరు. భూపటము తెప్పించి, "నీ బోస్టను పేరును అట్లు వచ్చినదే తల్లీ" అని చెప్పసాగిరి.

ఇంగ్లండులో లింకన్‌షైరు మండలమున బోస్టను అను చిన్న పట్టణము కలదు. అచటి సెయింట్ బోటాల్ఫ్ దేవాలయ గోపురము ఇంచుమించు 270 అడుగుల యెత్తు గలది. చుట్టును పల్లపు నేల యగుటచే బహుదూరమునకు కనబడును. 1630లో సముద్రము దాటి వచ్చినవారిలో ఆ ప్రాంతమువారు కొందఱుండిరి. క్రొత్తచోట మూడు గుట్టలుండుటచే దానిని తొలుత ట్రైమౌంటెను అనిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే బోస్టను అని పేరిడిరి. ఆ దేవాలయమున బోధకుడైన జాన్ కాటన్ 1633లో తానే యిచటికి వచ్చి చేరెను. నది యవతలి గ్రామమునకు మొదట న్యూటౌను అని, మన కొత్తూరు వంటి పేరుండెను. పెద్దలలో పలువురు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చదివినవారగుటచే 1638లో అదియు కేంబ్రిడ్జి యయ్యెను. డార్చెస్టరు, గ్లాస్టరు, వూస్టరు అని పటమున నెటుచూచినను ఇంగ్లండు పేర్లే. అత్తవారింటికి పోవు ఆడుబిడ్డ పుట్టినింటి మల్లెయంటును తడిగుడ్డలో చుట్టి కొనిపోయినట్లు వారు పేర్లను కొనిపోయిరని తలచి మా మనస్సు కరగెను.

అంతలో బాలిక, "అంతకుముందు ఈ యూరికి పేరే లేదా?" అనెను. "లేకేమి, షామట్ అనెడివారు" అని మా తమ్ముడు చెప్పెను. బోస్టను గల రాష్ట్రమునకు మాత్రము మాసచూసెట్సు అని అచటి ఆదివాసుల పేరే నిలిచినది. పెద్ద కొండ యొద్ద అని దాని యర్థమట.

మఱునాడు అందఱమును దక్షిణముగా నలువది మైళ్లు పోయి ప్లిమత్ చేరితిమి. సముద్రపుటొడ్డున రాతి స్తంభముల మంటపము క్రింద, 1620 అని చెక్కిన బండ యొకటి కలదు. మేఫ్లవర్ ఓడవారు తొలుత కాలు మోపినది దానిపైననే యని యైతిహ్యము. ఎంతటి శిలయో యని పోయిన మాకు అది మన చాకిరేవు బండయంతయు తోపలేదు. ఆ యోడ ఇంగ్లండులో తుదకు విడిచిన రేవు ప్లిమతే. కాని ఇచట ఆ పేరు పెట్టినది వారు కారు. 1614లో జాన్ స్మిత్ అను నావికుడు ఈ తీరమును చూచి పటము గీయగా, చిన్నవాడైన యువరాజు చార్లెసు తాను చూడని యూళ్ల పేర్లు కొట్టివేసి ఇంగ్లీషు పేర్లు వ్రాసెను. 1616లో ఆ పటము అచ్చుపడెను.

అచట నిజముగా నున్న యూరు పటక్సెట్, వాంపనోగ్ జాతివారిది. 1614లోనే టిస్క్వాంటం అను నాతనిని మఱి కొందఱితో నొక యోడవారు మోసగించి పట్టుకొనిపోయి స్పెయినులో నమ్మజూచిరి. అతడెట్లో ఇంగ్లండు చేరి, ఆ భాష నేర్చి, 1619లో తన యూరికి తిరిగి వచ్చెను. చూడగా మహమ్మారి వచ్చి ఊరంతయు నశించియుండెను. పలుకరించుటకు ఒక ప్రాణియు లేదు. మఱుసటి యేడు ఆ పాడుపడిన పొలములలోనే ఓడవారు దిగిరి. జబ్బులతో సగముమంది చచ్చిన యా పరాయివారికి అతడు తన తల్లి వండిపెట్టిన నేలమీదనే చేపలు ఎరువుగా వేసి మొక్కజొన్న నాటుట నేర్పెను. 1622లో తానును గతించెను. ఈ కథ విని మా మఱదలు మాటలాడక బిడ్డను దగ్గఱకు తీసికొనెను.

బండకు పైనున్న గుట్టపై 1970 మొదలు ఏటేట నవంబరులో, తక్కినవారు విందు చేసికొను కృతజ్ఞతాదినముననే, ఆదివాసులు చేరి దుఃఖదినము పాటింతురు. అయినను కథ దుఃఖముతో ముగియలేదు. ఆనాటి జీవనమును చూపు ప్రదర్శనశాల 2020లో తన పేరును ప్లిమత్ పటక్సెట్ అని మార్చుకొన్నది. నూఱేండ్లకు పైగా మాటలాడువారు లేక మూగవోయిన వాంపనోగ్ భాషను జెస్సీ లిటిల్ డో బేర్డ్ అను స్త్రీ 1993 మొదలు పాత పత్రములనుండియు, 1663లో కేంబ్రిడ్జిలో అచ్చయిన బైబిలు అనువాదమునుండియు వెదకి వెదకి నేర్చి, తన కూతునకు ఉగ్గుపాలతో పోసెను. ఆ భాష మరల నొక బిడ్డకు మాతృభాష యయ్యెను.

ఇల్లు చేరిన పిమ్మట మా తమ్ముడు పలకను వాకిట తగిలించెను. మా యూరి పేరు అంతదూరమున చూచి మాకు కన్నులు చెమర్చెను. మేనకోడలు క్రింద నిలుచుండి, "నాన్నా, ఈ చోటికి మొదటి పేరేమి?" అని యడిగెను. వాడు తెలియదనెను. "తెలిసికొని చెప్పుము, క్రింద వ్రాసెదను" అని యా పిల్ల పలక క్రింద జానెడు చోటు చేతితో కొలిచి చూపెను.

సోదరీమణులారా! మన బిడ్డలకు ఇంటిపేరు ఏ యూరినుండి వచ్చినదో చెప్పుదము. ఇప్పుడున్న యూరిని మనకుముందు ఎవరేమని పిలిచిరో, అదియును చెప్పుదము.